ఎడమవైపు దగ్గు

ఛత్రినాక,
8 జూన్ 2025

బిడ్డా స్వీటీ,

మంచిగున్నవా? ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మీ అమ్మ మోకాళ్ళు మాత్రం మెట్లెక్కనిస్తలేవు. అయినా మామిడికాయ తొక్కు పెట్టుడు మానలే. ఈసారి కారం జర ఎక్కువ పడ్డది, అంటే ఊకోదు.

మన జాబులు అటుపోయేవైనా ఇటొచ్చేవైనా మీ మఠం మదర్‌గారు చదివినంకనే ఇస్తరని మీ అమ్మ చెప్పింది. మదర్‌గారూ, దండాలు. బస్సులకు రంగు కొట్టి, బోర్డుల మీద ఊర్ల పేర్లు రాసిన చెయ్యి నాది. చదువుటానికి మీకు తిప్పలుండది.

కవరు మీద స్వీటీ అనే రాస్తున్న. సిస్టర్ ఆగ్నెస్ అని రాయాలెనట. ఆ పేరు నేను పెట్టలే, నాకు నోరు తిరగది. పోస్టాయన ఎట్లనన్న తెచ్చిస్తడులే.

సంగతేందంటే, మీ తమ్ముడు నీ సామాన్ల మీద పడ్డడు. ఆ పెద్ద హెడ్‌ఫోన్లు, చిన్న డబ్బా, పాటల హార్డ్‌డిస్కు, అన్నీ నువ్వు పోయిన కాడికెల్లి బీరువాల బట్ట కప్పుకొని ఉన్నయి. "బాపు, అక్క మళ్ళ వస్తదా ఏంది? అమ్మేద్దాం, ఎవలన్న వాడుకుంటరు" అని సాగర్ అంటుంటే నాకు తిక్కలేసింది. మస్తు తిట్టిన. పాటల రికార్డులు సరిచూసే కొలువు చేసుకుంట, జీతం కూడబెట్టి కొన్నవు నువ్వు అవి. సాయంత్రం అయ్యిందంటే చెవులకు పెట్టుకొని కండ్లు మూసుకుంటుంటివి. అమ్మ బువ్వకు పిలిచినా పలకకపోతుంటివి. గంత ఇష్టమున్నదాన్ని ఇడిచిపెట్టి, ఆ గోడల నడుమ ఇప్పుడు ఏం వింటున్నవో నాకు సమజ్ కాదు. అమ్మమంటవా, ఉంచమంటవా, నువ్వే చెప్పు.

అక్టోబర్ల నిత్య మాటపట్టు అంటున్నరు. ఇగ మళ్ళ ఇంటికి రాను అని దేవుని ముంగట మాటిచ్చుడే గద అది. నేను వచ్చేది రానిది అప్పటికి చూద్దం. బస్సెక్కితే నాకు కడుపుల తిప్పుతది, నీకు తెలుసు గద.

మీ బాపు
మొగులయ్య


మఠం, జనగామ దారి,
22 జూన్ 2025

ప్రియమైన బాపూ,

ప్రభువు శాంతి మన ఇంటి మీద ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. నేను క్షేమం. ఇప్పుడు నన్ను అప్పాల గదిలో వేశారు. చుట్టుపక్కల గుళ్ళన్నింటికీ దివ్యబలి పూజకు కావలసిన అప్పాలు మేమే కాలుస్తాం. ఇనప అచ్చులో పిండి పోసి మూస్తే మొదట సుయ్యిమంటుంది, తర్వాత ఆ చప్పుడు సన్నబడి ఆగిపోతుంది. ఆగగానే తీయాలి. గడియారం చూడకుండా తీస్తున్నానని మదర్ నవ్వుతారు. పాత ఉద్యోగం ఊరికే పోలేదన్నమాట.

సామాను గురించి నన్ను అడగకు బాపూ. అవి ఇప్పుడు నావి కావు. ఏదీ నాది అనుకోకూడదన్నది ఇక్కడి నియమం. ఉంచినా అమ్మినా నీ ఇష్టం.

కానీ అమ్మే ముందు ఒక్కసారి నువ్వు విను. ఆ హార్డ్‌డిస్కులో ఒక కచేరీ ఉంది. స్కాట్లాండులో ఎక్కడో పాత మార్కెట్ హాల్లో నలుగురు గడ్డాల వాళ్ళు జనం ముందు వాయించిన రాక్ సంగీతం. నీలం అట్టమీద స్టేజీ బొమ్మ ఉంటుంది. ఫోన్‌కు తగిలించి వినకు. వైరు ఆ చిన్న డబ్బాకు పెట్టించు. మామూలు పాటకు దాని మీద పచ్చ లైటు వస్తుంది, బాగా పెద్ద వివరంతో రికార్డు చేసిన దానికి తెల్ల లైటు వస్తుంది. తెల్ల లైటు చూశాకే హెడ్‌ఫోన్లు పెట్టుకో. మూడో పాటకు ముందు హాలంతా నిశ్శబ్దం అవుతుంది. అక్కడ జాగ్రత్తగా విను.

మాటపట్టుకు వచ్చేది రానిది చూద్దామన్నావు. మూడేళ్ళ కింద మొదటి మాటపట్టుకూ ఇదే మాట అన్నావట. అమ్మ, సాగర్, గీతాంజలి అత్త గుడిలో మాకూ చుట్టాలకూ మధ్య ఉండే ఇనప జాలీ అవతల కూర్చున్నారని పూజ అయ్యాక కలిసినప్పుడు చెప్పారు. నువ్వు లేవు. ఆర్టీసీలో పని చేసి రిటైరైన మనిషికి బస్సు పడదంటే మా అచ్చులో పిండి కూడా నమ్మదు బాపూ.

అమ్మను మోకాళ్ళకు నూనె రాసుకోమని చెప్పు. తొక్కులో కారం ఎక్కువైందని మాత్రం అనకు.

నీ స్వీటీ
(సిస్టర్ ఆగ్నెస్)


ఛత్రినాక,
24 జూలై 2025

బిడ్డా స్వీటీ,

'ఉంచినా అమ్మినా నీ ఇష్టం' అని రాస్తివి. బాపు మీద గంత కోపమా? మూడు దినాలు ఆ ముక్కే నెత్తిల తిరిగింది. నియమం గియమం అని రాసినవు గానీ అది కోపమే, నాకెరుక లేదా? చిన్నప్పుడు పండుగకు నీకు కొన్న గౌను రంగు నచ్చకపోతే గూడ గిట్లనే "నీ ఇష్టం బాపు" అని మొకం తిప్పుకుంటుంటివి. అమ్ముడు లేదు గిమ్ముడు లేదు అని సాగర్‌గానికి చెప్పేసిన. నీ తెలుగు గూడ పంతులమ్మ తెలుగు అయింది. "ప్రార్థిస్తూ రాస్తున్నాను" అట!

ఆఖరికి విన్న. మొదాలు నువ్వు వద్దన్నట్టే ఫోన్‌కు పెట్టి విన్న. మన గల్లీ ఆటోల మోగేటట్టే ఉండె. ఈ సంబడానికా ఇంత ఖర్చు అనుకున్న. తర్వాత నీ జాబు మళ్ళ చదివి, సాగర్‌ను కూసోబెట్టి, వైరు డబ్బాకు పెట్టిచ్చిన. తెల్ల లైటు వచ్చింది.

ఇగ చూస్కో! మన అర్ర గోడలు దూరం జరిగినయి బిడ్డా. డ్రమ్ములోడు ఎనక, పాడేటోడు ముంగట, తీగల మీద ఏలు జారితే ఆ సర్రుమనే సప్పుడు గూడ వినొస్తుంది. వాళ్ళు ఏం పాడుతున్నరో నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. అంతా అరుసుడే. కానీ ఆ హాలు సమజైంది. పెద్దది. పైన రేకులున్నయి కావచ్చు. మన డిపోల షెడ్డు ఎట్ల మోగుతుండె, అట్ల మోగుతుంది.

మీ అమ్మకు పెట్టిన. నెత్తి మీద కొంగు కప్పుకొని, సిలువ గుర్తు వేసుకొని, అప్పుడు పెట్టుకున్నది. నీ సామాను గద, అది గూడ జపమే అనుకున్నది. జర సేపు విని "ఎవలు సచ్చిపోయిండ్రయ్యా, గట్ల మొత్తుకుంటుండ్రు?" అన్నది. మరి తీసెయ్యమంటే తీయలే. పాట ఒడిసేదాంక కూసున్నది. ఇప్పుడు ఆ హెడ్‌ఫోన్లను మరియమ్మ పటం కింద పెడుతున్నది, దండం పెట్టుకునేటందుకు వీలుంటదట!

మొన్న ఆదివారం బోనాలు అయినయి. లాల్‌దర్వాజ దిక్కు పోయే డీజే బండ్లకు మన కిటికీలు లడలడ కొట్టుకున్నయి. అంత లొల్లి నడుమ గూడ నేను నీ హాల్లనే కూసున్న.

ఒక్కటే ఖరాబున్నది. నువ్వు చెప్పిన జాగల, మూడో పాట ముంగట, అందరు సప్పుడు బంద్ చేసినప్పుడు ఎడమ దిక్కుకెల్లి ఒకడు దగ్గుతడు. గంత మంచిగ రికార్డు చేసినోళ్ళు ఆ దగ్గు ఎట్ల ఇడిచిపెట్టిండ్రో! దగ్గున్నోడు ఇంట్ల పడుండాలె గానీ పది మందిల ఎందుకు రావాలె? సాగర్ దోస్తు విశాల్ ఉన్నడు చూడు, సైదాబాద్‌ల పెండ్లి వీడియోలు చేస్తడు. కంప్యూటర్ల పెట్టి ఆ దగ్గును సాఫ్ చేస్తనన్నడు. నీ మాటపట్టుకు నా దిక్కుకెల్లి గిదే కానుక అనుకో. నువ్వు వినవు, నాకెరుకే. అయినా నీ వస్తువు మంచిగుండాలె గద.

మీ బాపు


మఠం,
10 ఆగస్టు 2025

బాపూ,

ఆ దగ్గు తీయించకు! ఈ ఉత్తరం అందేసరికి విశాల్ పని మొదలుపెట్టి ఉంటే ఎక్కడిదక్కడ ఆపించు. క్షేమ సమాచారాలు తర్వాత.

ఆ దగ్గే నాకు అన్నిటికంటే ఇష్టం. ఎన్నోసార్లు ఆ మనిషి కోసమే పెట్టుకున్నాను. ముందు గొంతు సవరించుకుంటాడు, విన్నావా? తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కాసేపు ఆపుకుంటాడు. ఆగదు. మామూలు రికార్డులో అది టప్‌మన్న చప్పుడే, ఎవరో కుర్చీ జరిపినట్టు. తెల్ల లైటు వెలిగినప్పుడే అది మనిషి అవుతుంది. పాడేవాళ్ళు గొప్పవాళ్ళే కావచ్చు. కానీ అక్కడ వినేవాళ్ళు ఉన్నారని, అంతమంది ఊపిరి బిగబట్టుకుని రాబోయే పాట కోసం ఎదురు చూస్తున్నారని నాకు చెప్పింది మాత్రం ఆయనే.

ఇంకో సంగతి. ఆ దగ్గు విన్నప్పుడల్లా నువ్వు గుర్తొచ్చేవాడివి. నువ్వు డ్యూటీ దిగి వస్తుంటే ముందు గల్లీ మలుపులో నీ దగ్గు వినిపించేది. అమ్మ వెంటనే టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. నువ్వు చెప్పులు విడిచేసరికి టీ సిద్ధంగా ఉండేది. "నీకెట్ల ఎరుకైతది?" అని నువ్వు ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడివి. నేనూ అమ్మా నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ ఏం వింటున్నావని అడిగావు కదా. అదే వింటున్నాను బాపూ. పొద్దున్నే అందరం వచ్చి కూర్చుంటాం. ఎవరూ మాట్లాడరు. మూడో పాట ముందు ఆ హాల్లో ఉన్నట్టే ఉంటుంది. నేను మీ మీద అలిగి రాలేదు, పాటల మీద విరక్తితోనూ రాలేదు. దీన్ని ఇంకా ఎక్కువసేపు వినాలనిపించి వచ్చాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

'నీ ఇష్టం' అన్నది కోపం కాదు. గౌను విషయంలో మాత్రం కోపమే, అది ముదురు ఆకుపచ్చ.

మాటపట్టు అక్టోబర్ 15న, పునీత తెరేసమ్మ పండుగ రోజు. నువ్వు రావని మనసును ఇప్పటి నుంచే సిద్ధం చేసుకుంటున్నాను. మొదటిసారి అలా చేసుకోలేదు, అందుకే చాలా ఏడ్చాను. ఈసారి కోపం లేదు. బాధ ఉంది, లేదని అబద్ధం రాయలేను.

నీ స్వీటీ


ఛత్రినాక,
24 ఆగస్టు 2025

స్వీటీ,

నేను రాలేదని ఎవలు చెప్పిండ్రు నీకు?

వచ్చిన. మూడేండ్లు కడుపుల పెట్టుకున్న, ఇగ నాతోని కాదు. మదర్‌గారూ, మీరు చదివితే చదవండ్రి, నాకేం ఫికర్ లేదు.

ఆ దినం మీ అమ్మ, సాగర్, మా చెల్లె గీతాంజలి, అందరు మన గల్లీ ప్రేమ్‌రాజ్ బండిల బయల్దేరిండ్రు. నేను రాను, నా బిడ్డను అప్పజెప్పే పండుగ నేను చూడ అని తలుపు కాడనే కూసున్న. బండి గల్లీ దాటిందో లేదో, పానం ఊకోలే. పక్కింటోళ్ళు అడిగితే ఏం చెప్పాలె? పాత ఖాకీ అంగీ తొడుక్కొని, డిపోల పనున్నదని చెప్పి, బస్సెక్కి వచ్చిన. కడుపుల ఏం తిప్పలే. అది నేను ఆడిన అబద్ధం.

నేను చేరేవరకు పూజ నడుస్తుంది. లోపటికి పోతే మీ అమ్మ చూస్తది, "వస్తనంటే నేను తోలుకరాకపోతునా" అని లొల్లి చేస్తది. వరండాల నిలబడ్డ. తలుపు సందుకెల్లి జాలీ కనబడ్డది, జాలీలకెల్లి నీ ఈపు కనబడ్డది. తెల్లబట్టల ఉన్నవు. సన్నబడ్డవు అనుకున్న. అప్పుడే అందరు సప్పుడు బంద్ చేసిండ్రు. అప్పుడే నాకు దగ్గు వచ్చింది.

తువ్వాల నోట్ల కుక్కుకున్న. ఆగలే. ఏండ్లకేండ్లు రంగు పొగ తాగిన రొమ్ము, నా మాట ఇంటదా? లోపటికెల్లి ఒక సిస్టర్ వచ్చి గ్లాసెడు నీళ్ళిచ్చింది. నేను తాగిన. ఆమె గ్లాసు తీసుకొని లోపటికి పోయి తలుపేసింది.

నన్ను బయటనే ఉంచి తలుపేసిండ్రు బిడ్డా. నా దగ్గు నువ్వు గుర్తుపట్టి, సిగ్గయి, నువ్వే సైగ చేసినవనుకున్న. వాళ్ళకంటె ముందు ఇంటికొచ్చి, అంగీ మార్చుకొని, తలుపు కాడ కూసున్న. మీ అమ్మకు ఇప్పటికీ ఎరుక లేదు. చెప్పకు.

అందుకే ఈసారి రాను. నీ రికార్డుల దగ్గేటోడు టికెట్ కొనుక్కొని పోయిండు, దగ్గుతడు. ఇది దేవుని ఇల్లు. నీ బతుకుల అంత పెద్ద దినం నా వల్ల ఖరాబు కావద్దు. నేను ఇంట్లనే కూసొని దండం పెట్టుకుంట.

విశాల్ నీ జాబు రాకముందే దగ్గు తీసేసిండు. భయపడకు, వేరే ఫైలు చేసిండు, మనది మనకున్నది. తీసేసింది విన్న. దగ్గు లేదు. కానీ ఆ జాగల హాలు గూడ లేదు. చెవుల దూది పెట్టినట్టు ఒక్కపారి అంతా మాయమైతది. మళ్ళ మన ఫైలే పెట్టుకున్న. ఆ మాటొక్కటి నువ్వు నిజమే చెప్పినవు.

బాపు


మఠం,
7 సెప్టెంబర్ 2025

నా బాపూ,

నీ ఉత్తరం చదివి అప్పాల గదిలో కూర్చుండిపోయాను. ఒక వాయి అప్పాలు మాడిపోయాయి. ఇక్కడికి వచ్చాక నేను మాడ్చిన మొదటి వాయి అది.

నువ్వు వచ్చావు! నా వెనకే నిలబడ్డావు! నేను ఆ రోజంతా నువ్వు రాలేదని ఏడుస్తూ కూర్చున్నాను. నువ్వేమో తలుపు అవతల తువ్వాల నోట్లో కుక్కుకుని ఉన్నావు. మనిద్దరినీ ఏమనాలి బాపూ?

తలుపు దగ్గర పని చేసే సిస్టర్ రోసలిన్‌ను పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగాను. ఆమెకు బాగా గుర్తుంది. "ఖాకీ చొక్కా ఆయనా? చుట్టాల బండి డ్రైవర్ అనుకున్నాను. ఎండలో పడి వచ్చి దగ్గుతున్నాడని నీళ్ళిచ్చాను. మీ నాన్నగారా? అయ్యో, లోపలికి రమ్మని కూడా అనలేదే!" అని తల పట్టుకుంది. ఆ తలుపు ప్రతి పూజకూ వేస్తారు, లేకపోతే ఊరకుక్కలు నేరుగా పీఠం దాకా వస్తాయి. నిన్ను ఎవరూ బయటికి నెట్టలేదు. నేను ఏ సైగా చేయలేదు. నీ దగ్గు నాకు వినపడనే లేదు. వినపడి ఉంటే మూడేళ్ళు నాకు ఈ బాధ ఉండేది కాదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. మాటపట్టు రోజు నేను జాలీ లోపల పీఠం వైపు తిరిగి ఉంటాను. వెనక్కి చూడకూడదు. పునీతులందరి పేర్లూ పిలుస్తూ ప్రార్థన చేస్తుంటే నేల మీద బోర్లా పడుకుంటాను. అది అయ్యాక కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు. ఆ కాసేపు నేను నీ కోసం వింటాను.

లోపలికి వచ్చి ఎడమవైపు బల్ల మీద కూర్చో. దగ్గు వస్తే ఆపుకోకు. అందరూ చూస్తారని సిగ్గుపడకు. ఈసారి పూజ అయ్యాక ఎవరినీ కలవనివ్వరు, నువ్వు వచ్చావని ఆ రోజు నాకు తెలియడానికి వేరే దారి లేదు. మదర్‌నూ అడిగాను. "దేవుడు దగ్గు వినలేదా ఏమిటి, రమ్మను" అన్నారు.

ఈ ఉత్తరం తర్వాత మాటపట్టు దాకా నేను మౌనంలో ఉంటాను, రాయను. రాయలేదని కోపం అనుకోకు. ఖాకీ చొక్కా మాత్రం వేసుకోకు, మళ్ళీ డ్రైవర్ అనుకుంటారు.

నీ స్వీటీ


ఛత్రినాక,
25 సెప్టెంబర్ 2025

బిడ్డా,

నీ జాబు రాలేదు. రోజు పోస్టాయన కోసం గల్లీ మలుపు కాడ నిలబడుతున్న. నేను అట్ల రాసినందుకు కోపమొచ్చిందా? తలుపు సంగతి రాయకపోయేదుండె. ముసలోని నోరు ఊకోదు, ఏం చెయ్యాలె.

నువ్వు రాసినా రాయకపోయినా నేను ఒకటి అనుకున్న. దబీర్‌పురా స్టేషన్ దిక్కు ఒక డాక్టర్ ఉన్నడంటే పోయిన. రొమ్ము మీద గొట్టం పెట్టి విని, "ఇన్నేండ్లు ఏం చేసినవ్ పెద్దమనిషీ?" అని కోపం చేసిండు. నోట్ల గాలి కొట్టుకునే మందు, తాగేటందుకు సీసా మందు రాసిచ్చిండు. బిడ్డా, దగ్గు బందైంది! నిన్న పొద్దుగాలకెల్లి ఒక్కటి గూడ లేదు. మీ అమ్మనే పరేషాన్ అవుతున్నది. "ఇంట్ల మనిషి ఉన్నడా లేడా తెలుస్తలేదు" అని వంటింట్లకెల్లి తొంగి చూస్తున్నది. టీ గూడ టైముకు వస్తలేదు.

ఇగ నాకు భయం లేదు. వస్త. లోపటనే కూసుంట. నా సప్పుడు నీ చెవుల అస్సలు పడది. ఎవలూ తలుపెయ్యనక్కర లేదు. కొత్త తెల్లంగీ కుట్టిస్తున్న.

మీ బాపు


ఛత్రినాక,
17 అక్టోబర్ 2025

సిస్టర్ ఆగ్నెస్‌కు,

చూసినవా, రాసిన! కవరు మీద గూడ పెద్దక్షరాలు పెట్టిన. బోర్డు రాసినట్టు కుంచె లేకపోయె గానీ, మంచిగనే కుదిరింది.

నీ సెప్టెంబర్ జాబు మేము బయల్దేరే ముంగట రోజు అందింది. మదర్‌గారు ఊరికి పోయిండ్రట, ఆమె చదివేదాంక మీ ఆఫీసు బల్ల మీదనే ఉన్నదట. తెరిచి చదివి నెత్తి కొట్టుకున్న. నువ్వేమో దగ్గమంటివి, నేనేమో మందు మీద మందు తాగి రొమ్ము సాఫ్ చేసుకుంటి! ఆ దినం పొద్దుగాల మందు మానేసిన. ఏం ఫాయిదా లేదు. డాక్టర్ మంచోడు, గట్టి మందే ఇచ్చిండు.

రోసలిన్ సిస్టర్ తలుపు కాడనే చెయ్యి పట్టుకొని లోపటికి తీస్కపోయింది. "ఆ రోజు తప్పైంది బాపూ" అన్నది. నాకే సిగ్గయింది. ఎడమ దిక్కు బల్ల మీద ముందుకు కూసోబెట్టింది.

నువ్వు నేల మీద పడుకున్నవు. పేర్లు పిలుసుడు అయింది. అందరు సప్పుడు బంద్ చేసిండ్రు. అప్పుడు నాకు ఎరుకైంది, ఇదే ఆ జాగ అని. మూడో పాట ముంగటి జాగ. నువ్వు వింటున్నవు, నేను దగ్గాలె. రాలే బిడ్డా! వద్దన్న కాడల్ల వచ్చింది, పెండ్లిల వచ్చింది, సావుల వచ్చింది, గా టైముకు మాత్రం రాలే. గొంతు గీకిన, ఉమ్మి మింగిన, ఏం లేదు. మీ అమ్మ "ఏందయ్యా?" అన్నట్టు చూసింది. ఇగ ఆ పొద్దు దాటిపోతుందని ఒకటి దగ్గిన. జర సేపటికి ఇంకోటి గూడ వచ్చింది. రెండు మంచిగనే పడ్డయి. విన్నవా లేదా, అది రాయి.

నేను ఏడ్వలే. మీ అమ్మ ఏడ్చింది, గీతాంజలి ఏడ్చింది, సాగర్‌గాడు గూడ ముక్కు చీదిండు. నేను మాత్రం గట్టిగనే కూసున్న. ఆర్టీసీ మనిషిని గద.

సాగర్ ఇప్పుడు అమ్ముడు మాట ఎత్తుతలేడు. నిన్న నేను లేని టైముల వాడే పెట్టుకొని వింటుంటే పట్టుకున్న. తెల్ల లైటు వెలుగుతుంది.

మీ బాపు
మొగులయ్య


మఠం,
26 అక్టోబర్ 2025

ప్రియమైన బాపూ,

కవరు మీద నీ బోర్డు అక్షరాలతో ఆ పేరు చూశాను. ఎంత అందంగా రాశావు! కానీ ఎవరికో వచ్చిన ఉత్తరం నేను తీసుకున్నట్టు అనిపించింది. నువ్వు స్వీటీ అనే రాయి. మదర్‌ను అడిగాను, సరేనన్నారు. ఈ ఇంట్లో అందరికీ నేను ఆగ్నెస్‌నే, ఒక్క నీకు తప్ప.

మందు మానకు. మాటపట్టు అయిపోయింది కదా, ఇంక దగ్గే పని లేదు. అమ్మకు మాత్రం గల్లీ మలుపులో ఒక కేక వెయ్యి, టీ పెట్టుకుంటుంది.

విన్నాను బాపూ. నేల చల్లగా ఉంది. నా చెవి నేలకు ఆనించి ఉంది. ఎవరో బల్ల మీద సర్దుకున్నారు, ఎవరి చేతిలోనో జపమాల పూసలు ఒకదానికొకటి తగిలాయి. తర్వాత ఎడమవైపు నుంచి నీ దగ్గు వచ్చింది. మొదటిది దొంగ దగ్గు! గొంతులోంచి వచ్చింది, ఛాతీలోంచి రాలేదు. ఇరవై ఏళ్ళు విన్నదాన్ని, నా దగ్గరా? నేల మీద ముఖం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాను. నా భుజాలు ఊగుతుంటే పాపం ఏడుస్తున్నాననుకున్నారట సిస్టర్లు.

రెండోది అసలు దగ్గు. నాకు తెలిసినదే, గల్లీ మలుపుది.

ఆ రెండింటి మధ్యలో నువ్వు ఏడ్చావు. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నావు, ముక్కుతో గాలి పీల్చి బిగబట్టావు, ఆగక వదిలేశావు. ఆ ఏడుపు వల్లే నిజం దగ్గు వచ్చింది. అమ్మ ఏడుపు నాకు తెలుసు, అత్త ఏడుపూ తెలుసు, అవి వేరే. ఇది నీదే. నువ్వు ఏడవగా నేను ఎప్పుడూ వినలేదు, అయినా వెంటనే తెలిసిపోయింది.

ఖాకీ చొక్కా సంగతి లాగే ఇది కూడా అమ్మకు చెప్పనులే.

నీ స్వీటీ